సంఘము పెంచిన స్వరము – మేరియన్ ఆండర్సన్ జీవితము

ఈ శతాబ్ది సంచికకు ఒక భక్తుని జీవితమును వ్రాసి పంపుమని సంచిక కమిటీవారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయవలెనా అని మేము కొన్ని దినములు ఆలోచించినాము. మిషనరీ దొరల చరిత్రలు, మన తొలి గురువుల చరిత్రలు మాకన్న పెద్దలు, మాకన్న బాగుగా ఎరిగినవారు వ్రాయుదురు. మేము ఎన్నుకొన్నది గురువును కాదు, ప్రసంగీకురాలిని కాదు. గాయక బృందములో నిలువబడి పాడిన ఒక నల్లజాతి స్త్రీని. ఆమె పేరు మేరియన్ ఆండర్సన్. ఆమె మరణించి ముప్పది సంవత్సరములు దాటినది. మన సంఘములలో ఆమె పేరు విన్నవారు కొద్దిమందియే ఉందురు. అయినను ఆమె కథలో సగము ఒక చిన్న సంఘపు కథ. మిగిలిన సగము ఒక ఈస్టరు ఆదివారము సాయంకాలము రేడియోలో వినవచ్చిన అరగంట పాట కథ.

ఆమె 1897వ సంవత్సరము ఫిబ్రవరి 27న అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో జన్మించినది. తండ్రి జాన్ ఆండర్సన్ అక్కడి రెడింగ్ టెర్మినల్ మార్కెట్టులో మంచుగడ్డలు, బొగ్గు అమ్ముచు జీవించేవాడు. తల్లి ఆన్నీ వర్జీనియా రాష్ట్రములో పంతులమ్మగా పనిచేసినది గాని, ఫిలడెల్ఫియాలో ఉద్యోగమునకు కావలసిన సర్టిఫికెట్టు లేనందున ఇండ్లలో బట్టలు ఉదికి, నేలలు తుడిచి పిల్లలను సాకినది. తాత బెంజమిన్ బానిసగా పుట్టి, బానిసత్వము రద్దయిన తరువాత స్వతంత్రుడైనవాడు. ఈ కుటుంబము యూనియన్ బాప్టిస్టు సంఘమునకు చెందినది. ఆరేండ్ల ప్రాయములో మేరియన్ చిన్నపిల్లల గాయక బృందములో చేరినది. మేనత్త మేరీ ఆ పిల్లను వెంటబెట్టుకొని ఈ గుడికి ఆ గుడికి, ఈ సభకు ఆ సభకు తీసికొనిపోయి పాడించేది. పాటకు పావు డాలరో అర డాలరో ముట్టేది. తండ్రి ఎట్లో ఒక పాత పియానో కొన్నాడు గాని, నేర్పించుటకు పంతులును పెట్టగల స్తోమతు లేదు. పిల్ల తనంతట తానే మెట్లు నొక్కి నేర్చుకొన్నది. పెద్దల గాయక బృందములో చేరిన తరువాత ఆమె తన వరుస మాత్రమే నేర్చుకొని ఊరకుండలేదు. సొప్రానో, ఆల్టో, టెనర్, చివరకు బాస్ వరకు నాలుగు వరుసలు నేర్చినది. ఆదివారమున ఎవరు రాకపోయినను ఆ వరుసలో మేరియన్ నిలువబడి పాడేది. గాయక బృందమును నడిపించుచున్న మన సోదరులు ఇది చదివి ఒక నిట్టూర్పు విడుతురని మాకు తెలియును!

ఈ సంఘములు నల్లవారికి వేరుగా ఎందుకు ఉండెనో ఇక్కడ ఒక మాట చెప్పవలెను. అదే ఫిలడెల్ఫియాలో, 18వ శతాబ్దము చివర, సెయింట్ జార్జి మెథడిస్టు ఆలయములో నల్లజాతి విశ్వాసులు మోకాళ్లూని ప్రార్థించుచుండగా, అది వారికి ఏర్పరచిన చోటు కాదని వారిని లేవదీసినారు. వారు ప్రార్థన ముగియగానే కలిసి బయటకు నడిచి, రిచర్డ్ అలెన్ మొదలైనవారి నాయకత్వమున తమ స్వంత ఆలయములు కట్టుకొన్నారు. కాబట్టి నల్లవారి ఎదుట మూయబడిన తలుపులలో మొదటిది నాటకశాల తలుపు కాదు, దేవాలయపు తలుపే. ఈ సంగతి చదువునప్పుడు మనము వారిపై వ్రేలు చూపుటకు తొందరపడరాదు. మన దక్షిణ దేశపు ఆలయములలో కూడ ఒకప్పుడు కులమును బట్టి కూర్చుండు స్థలములు ఉండెను. ఊరి బావి దగ్గర, టీ దుకాణములో వేరు గ్లాసు దగ్గర మన తాతలు నిలువబడిన చోటు ఏదో, మేరియన్ తాత నిలువబడిన చోటును అదియే.

1909వ సంవత్సరము క్రిస్మసు దినములలో తండ్రికి మార్కెట్టులో పని చేయుచుండగా తలకు దెబ్బ తగిలినది. కొద్ది వారములలో ఆయన మరణించినాడు. మేరియన్‌కు పండ్రెండేండ్లు, ఆమె వెనుక ఇద్దరు చెల్లెండ్రు. తల్లి పిల్లలతో అత్తమామల ఇంట చేరినది. హైస్కూలు చదువు, సంగీతపు పాఠములు ఆ ఇంటికి అందని పండ్లే. అప్పుడు సంఘము కదలినది. పాస్టరు వెస్లీ పార్క్స్ ఆ పిల్ల కొరకు ప్రత్యేకముగా కానుక పట్టించినాడు. పట్టణములోని నల్లజాతి గాయకుల సమాజము, సంఘ పెద్దలు కలిసి ఆమె భవిష్యత్తు కొరకు ఒక నిధి ఏర్పరచినారు. ఆ కానుకలు ఇచ్చినవారు ధనవంతులు కారు. వంటలు చేయువారు, బట్టలు ఉదుకువారు, రేవులో మూటలు మోయువారు. ఐదు సెంట్లు, పది సెంట్ల నాణెములతో పోగైన సొమ్ము అది. మన స్త్రీల మైత్రివారు పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడు తీసి ఉంచు పిడికెడు బియ్యము ఎంతమంది పిల్లలను బడికి పంపినదో ఎరిగిన మనకు ఈ లెక్కను వేరుగా వివరింపనక్కరలేదు. ఆ సొమ్ముతో ఆమె మొదట మేరీ ప్యాటర్సన్ అను నల్లజాతి గాయకురాలి వద్ద పాఠములు నేర్చినది. హైస్కూలులో చేరి, ఆలస్యముగానైనను, 1921లో తన ఇరువదినాలుగవ యేట చదువు ముగించినది.

ఈ మధ్యకాలములోనే ఒక చేదు అనుభవము కలిగినది. పట్టణములోని ఒక సంగీత పాఠశాలలో చేరుటకు ఆమె వెళ్లి వరుసలో నిలువబడినది. కిటికీ దగ్గరి అమ్మాయి ఆమె వెనుక ఉన్నవారందరిని పిలిచి దరఖాస్తులు ఇచ్చి పంపినది. అందరును వెళ్లిపోయిన తరువాత, అక్కడ నల్లవారిని చేర్చుకొనరని చెప్పినది. మేరియన్ వాదింపలేదు. ఇంటికి వచ్చి తల్లితో చెప్పినది. మరొక దారి దొరకునని తల్లి ఓదార్చినది. దొరకినది కూడ. జుసెప్పె బొగెట్టి అను గురువు వద్దకు ఆమెను తీసికొనిపోగా, ఆయన మొదట తనకు తీరిక లేదన్నాడు. ఆమె ఒక భక్తి గీతము పాడగా విని, వెంటనే చేర్చుకొన్నాడు. ఆ పాఠములకు కూడ రుసుము చెల్లించినది సంఘమే. అందుకై వారు ఆలయములో ఒక గాన సభ జరిపి సొమ్ము ప్రోగుచేసినారు.

ఆమెది కంట్రాల్టో స్వరము. స్త్రీల స్వరములలో మిక్కిలి లోతైనది, అరుదైనది. అయినను స్వరము ఒక్కటే చాలదని ఆమె త్వరలోనే నేర్చుకొన్నది. 1924లో న్యూయార్కు టౌన్ హాలులో ఆమె కచేరి ఏర్పాటు చేయగా, కుర్చీలు చాలవరకు ఖాళీగా ఉండెను. మరునాడు పత్రికలలో ఆమె జర్మను ఉచ్చారణను తప్పుపట్టినారు. అర్థము తెలియని భాషలో చిలుకపలుకులు పాడినట్లున్నదని ఆ విమర్శల సారాంశము. ఆమె సిగ్గుతో ఇంటికి వచ్చి, కొన్ని నెలలు పాడుటయే మానివేసినది. సంఘస్థుల ముఖము చూచుటకు ఆమెకు మనస్సు రాలేదు. వారి నాణెములను వృథా చేసితినని ఆమె దుఃఖము. ఆ దుఃఖమును ఆమె తల్లి మెల్లమెల్లగా కరిగించినది. మరుసటి సంవత్సరము న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వారు జరిపిన పోటీలో మేరియన్ మొదటి స్థానము పొంది, 1925 ఆగస్టు 26న ఆ వాద్యబృందముతో కలిసి పాడినది. సంపాదన కొంత నిలకడైన తరువాత ఒకనాడు ఆమె, తల్లి నేలలు తుడుచు పెద్ద దుకాణమునకు తానే టెలిఫోను చేసి, రేపటినుండి మా అమ్మ పనికి రాదని చెప్పినది. జీవితములో ఎన్నో బహుమానములు పొందిన ఆ స్త్రీ, తనకు మిక్కిలి సంతోషము కలిగించిన ఘడియ అదియేనని తరువాత చెప్పుకొన్నది.

స్వదేశములో ఆమెకు దొరకినవి చిన్న సభలే. కాబట్టి 1930 ప్రాంతమున ఆమె ఐరోపాకు వెళ్లినది. వెళ్లినది పాడుటకే గాక, నేర్చుకొనుటకు. ఒకప్పుడు తన్ను సిగ్గుపరచిన జర్మను భాషను ఆ భాష మాటలాడు వారి మధ్య నివసించి నేర్చినది. స్వీడను, ఫిన్లండు మొదలైన ఉత్తర దేశములలో జనులు ఆమె పాట కొరకు గుంపులు కూడినారు. ఫిన్లండు దేశపు గొప్ప సంగీతకారుడు సిబేలియస్ ఆమెను తన ఇంటికి పిలిచి విని, ఒక గీతమును ఆమెకు అంకితము చేసినాడు. 1935లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గులో ఆమె పాడగా విన్న టోస్కనీని, ఇట్టి స్వరము నూరేండ్లకు ఒకసారి మాత్రమే వినవచ్చునని మెచ్చుకొన్నాడు. ఆ మాట ఆమె పేరునకు బిరుదువలె అంటుకొన్నది. ఆ సంవత్సరము డిసెంబరు 30న ఆమె తిరిగి అదే టౌన్ హాలులో నిలువబడినది. ఓడలో వచ్చుచుండగా జారిపడి కాలి ఎముక విరిగినది. తెర మూసియుండగానే వేదిక మీదికి వచ్చి పియానోను ఆనుకొని నిలువబడి, పొడవైన గౌను క్రింద కాలి కట్టును దాచి, ఆ కచేరి అంతయు పాడినది. జాలి కొరకు వచ్చినట్లు ఎవరును తలంచరాదని ఆమె కోరిక. ఈసారి పత్రికలు మెచ్చుకొన్నవి.

ఇక రేడియో సంగతి. ఆనాటి అమెరికాలో రేడియో ప్రతి ఇంటి మనిషివంటిది. మన పెద్దలలో కొందరు సిలోను నుండి, సీషెల్స్ దీవుల నుండి వచ్చు తెలుగు క్రైస్తవ కార్యక్రమముల కొరకు రాత్రివేళ ట్రాన్సిస్టరు ముల్లు త్రిప్పుచు కూర్చున్న సంగతి జ్ఞాపకము చేసికొనిన, ఆ రోజులు కొంత అర్థమగును. అయితే అమెరికా రేడియోలో నల్లజాతి వారికి దొరకిన స్థానమేది? దేశమంతయు చెవులప్పగించి విన్న నాటిక అమాస్ అండ్ ఆండీ అనునది. అందులో ఇద్దరు నల్లవారి పాత్రలు. ఆ పాత్రలను పలికినవారు ఇద్దరును తెల్లవారు. నల్లవారి మాట తీరును వెక్కిరించి నవ్వించుటయే దాని పని. 1929 నుండి అది ఎన్.బి.సి. వారి ద్వారా దేశమంతటా వినబడినది. దీనికి భిన్నముగా క్లీవ్‌లండు పట్టణములో గ్లెన్ సెటిల్ అను నల్లజాతి పాస్టరు తన సంఘ గాయకులతో వింగ్స్ ఓవర్ జోర్డాన్ అను ఆదివారపు కార్యక్రమము ప్రారంభింపగా, 1938 నుండి సి.బి.ఎస్. వారు దానిని దేశమంతటికి అందించినారు. బానిసల కాలమునాటి భక్తి గీతములు గౌరవముతో ప్రతివారము రేడియోలో వినబడుట ఒక క్రొత్త సంగతి. అక్కడ కూడ ముందు నిలిచినది ఒక సంఘపు గాయక బృందమేనని గమనింపవలెను.

1939లో వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయము వారు మేరియన్ కచేరిని ఏర్పాటు చేయబూనినారు. అది నల్లజాతి విద్యార్థుల కొరకు ఏర్పడిన విద్యాలయము. ఆమెను వినగోరు జనమంతటికి సరిపోవు మందిరము ఆ పట్టణములో ఒక్కటే – నాలుగు వేల కుర్చీలుగల కాన్‌స్టిట్యూషన్ హాలు. అది అమెరికా విప్లవ పుత్రికలు అను స్త్రీల సమాజమువారిది. స్వాతంత్ర్య యుద్ధములో పోరాడిన వారి సంతతి స్త్రీలు ఆ సమాజ సభ్యులు. ఆ హాలులో తెల్లజాతి కళాకారులు మాత్రమే పాడవలెనని వారికి నియమముండెను. వారు ఇవ్వమన్నారు. పోనీ తెల్లపిల్లల హైస్కూలు సభాభవనము ఇమ్మని అడుగగా, పట్టణ విద్యాశాఖవారును అంగీకరింపలేదు. స్వేచ్ఛ కొరకు పోరాడినామని చెప్పుకొను వంశములు ఒక పాటకు భయపడినవి! రాష్ట్రపతి భార్య శ్రీమతి ఎలినోర్ రూజ్‌వెల్టు ఆ సమాజములో సభ్యురాలు. ఆమె ఫిబ్రవరి నెలలో తన సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చి, ఆ సంగతిని తాను ప్రతిదినము పత్రికలకు వ్రాయు వ్యాసములో తెలిపినది. పాటలు పాడుచు దేశము మీద తిరుగుచున్న మేరియన్‌కు ఈ గొడవ ఇంత పెరిగినదని శాన్‌ఫ్రాన్సిస్కోలో పత్రిక తలకట్టు చూచినప్పుడే తెలిసినది.

నల్లజాతి వారి హక్కుల సమాజ కార్యదర్శి వాల్టర్ వైట్, మేరియన్ కచేరీల నిర్వాహకుడు సోల్ హ్యూరక్ మొదలైనవారు ఆలోచించి, హాలు లేనిచో ఆరుబయటనే పాడించవలెనని నిశ్చయించినారు. మంత్రి హెరాల్డ్ ఇకెస్ లింకను స్మారకమందిరము మెట్లను ఇచ్చుటకు అంగీకరించినాడు. బానిసత్వమును రద్దుచేసిన లింకను మందిరమది. అయినను 1922లో దానిని ప్రతిష్ఠించిన దినమున నల్లజాతి అతిథులను వేరుగా కూర్చుండబెట్టినారు! ఈసారి అట్టి విభజన లేదు. దినము ఏప్రిల్ 9. అది ఈస్టరు ఆదివారము.

ముందటి రాత్రి మేరియన్ భయపడినది. కచేరి జరిపితీరవలెనా అని హ్యూరక్‌కు టెలిఫోను చేసినది. ఆమె యుద్ధము కోరిన మనిషి కాదు. తన పాట ఒక జాతి వివాదమునకు జెండాగా మారుట ఆమెకు రుచింపలేదు. అయినను, తాను ఇష్టపడినను పడకున్నను, తన జనులకు తాను గుర్తుగా మారితినని, ఇక వెనుదీయుటకు వీలులేదని గ్రహించినది. మరునాడు తల్లితోను చెల్లెండ్రతోను రైలులో వాషింగ్టను చేరగా, ఆమెకు గది ఇచ్చు హోటలు ఆ పట్టణములో లేదు. పెన్సిల్వేనియా మాజీ గవర్నరు పిన్‌షో గారి ఇంట విడిది చేసినది. సాయంకాలము ఆమె ఆ మెట్ల మీదికి వచ్చి నిలువబడగా, ఎదుట 75,000 మంది. నల్లవారును తెల్లవారును, మంత్రులును చాకిరీ చేయువారును కలసి నిలువబడియుండిరి. చలిగాలి. ఆమె బొచ్చుకోటు కప్పుకొనే పాడినది. ముందు మైకుల వరుస. ఆ మైకుల ద్వారా ఎన్.బి.సి. వారు ఆ పాటను దేశమంతటా ప్రసారము చేసినారు. లక్షలాది ఇండ్లలో జనులు విన్నారు.

మొదట ఆమె దేశభక్తి గీతమొకటి పాడినది. అందులో పాడువాడు తనను గూర్చి నేను అని చెప్పుకొను చోట ఆమె మేము అని మార్చి పాడినది. ఎంత చిన్న మార్పు! ఆ ఒక్క మాటలో యూనియన్ బాప్టిస్టు సంఘమంతయు ఆమెతో కూడ ఆ మెట్ల మీద నిలిచినట్లు మాకు తోచుచున్నది. తరువాత ఇటలీ నాటక గీతమొకటి, షూబర్టు కూర్చిన ఆవే మరియా. కొంత విరామము తరువాత తన జనుల భక్తి గీతములు మూడు. జనులు విడువకపోగా మరియొకటి. ఉపన్యాసము చేయలేదు. ఎవరిని నిందింపలేదు. చివర జనులు కేకలు వేయగా, హృదయము నిండిపోయినందున మాటలాడలేకున్నానని, వందనములని రెండు ముక్కలు మాత్రము చెప్పినది. ఆ రేడియో ధ్వనిముద్రణ నేటికిని ఉన్నది. 2008వ సంవత్సరపు జాబితాలో అమెరికా జాతీయ గ్రంథాలయమువారు దానిని భద్రపరచదగిన ధ్వనిముద్రణలలో చేర్చినారు. మేము దానిని విన్నాము. గరగర మను పాత యంత్రపు శబ్దము నడుమనుండి ఆ లోతైన స్వరము పైకి లేచునప్పుడు, కన్నులు మూసికొని వినువానికి రంగు ఏమి తెలియును? హాలు తలుపు నాలుగు వేలమందికి మూసినారు. రేడియో ఆమెను, ఆమెకు కుర్చీ ఇవ్వనివారి ఇంటి ముందు గదిలోనికే తీసికొనిపోయినది.

ఆ సమయమున అట్లాంటా పట్టణములో ఒక బాప్టిస్టు పాస్టరు కుమారునికి పదియేండ్లు. ఐదేండ్ల తరువాత 1944లో, తన పదునైదవ యేట, జార్జియా రాష్ట్రములోని డబ్లిన్ అను ఊరిలో జరిగిన వక్తృత్వ పోటీలో అతడు తన జాతివారి హక్కులను గూర్చి మాటలాడుచు, లింకను మందిరము వద్ద మేరియన్ పాడిన సంగతిని ఉదాహరించినాడు. ఆ రాత్రి బస్సులో తిరిగివచ్చుచు, తెల్లవారికి చోటు విడిచి అతడును పంతులమ్మయు చాలదూరము నిలువబడి ప్రయాణము చేయవలసి వచ్చినది. ఆ బాలుడు మార్టిన్ లూథర్ కింగ్.

ఇక్కడ మేము ఒక కష్టమైన సంగతికి రావలెను. మేరియన్ జీవితమంతయు పొగడ్తలతో నింపి వ్రాయుట సులభము. కాని ఆమె స్వజనులలోనే కొందరు ఆమెను నిష్ఠురముగా ప్రశ్నించినారు. దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని తెల్లవారిని వేరుచేసి కూర్చుండబెట్టు సభలలో ఆమె ఏండ్ల తరబడి పాడినది. నల్లవారిని వెనుకకో మేడ మీదికో త్రోయక, ముందునుండి వెనుక వరకు ప్రతి భాగములో వారికి కుర్చీలు ఇవ్వవలెనని మాత్రము ఆమె నియమము పెట్టినది. అది కొంత మేలే. కాని గోడ గోడయే కదా అని వారు అన్నారు. 1951లో వర్జీనియాలోని రిచ్‌మండులో నల్లజాతి వారే ఆమె కచేరిని బహిష్కరించినారు. ఆమె మనస్సు నొచ్చియుండును. అయినను ఆలోచించినది, ఆ తరువాత, జనులను విభజించు సభలలో ఇక పాడనని ప్రకటించినది. మేము ఆమెను గూర్చి మొదట చదివినప్పుడు ఆమె మౌనమును మెచ్చుకొన్నాము. మరల చదివినప్పుడు దానిని పిరికితనమేమో అని శంకించినాము. ఇప్పుడు మా అభిప్రాయమిది: ఆమె నెమ్మదిగా కదలిన మనిషి, కాని తన జనులు తప్పుపట్టినప్పుడు కదలిన మనిషి. పెద్ద పేరు వచ్చిన తరువాత సంఘస్థుల గద్దింపు విని మారువారు ఎందరు? గురువులమైన మాకే అది కష్టము.

ఆమెకు జరిగిన అవమానములను ఆమె లెక్క కట్టి చెప్పుకొనలేదు. 1937లో ప్రిన్‌స్టనులో పాడుటకు వెళ్లగా హోటలువారు గది ఇవ్వలేదు. అది విని శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ ఆమెను తన ఇంటికి పిలిచి ఆతిథ్యమిచ్చినాడు. హిట్లరు పాలనలో ఇల్లు వాకిలి విడిచి వచ్చిన యూదునికి మూసిన తలుపు సంగతి వేరుగా చెప్పవలెనా? ఆ తరువాత 1955లో ఆయన మరణించు వరకు ఆ ఊరు వెళ్లినప్పుడెల్ల ఆమెకు ఆ ఇంటి తలుపు తెరచియే ఉండెను. ఇక కాన్‌స్టిట్యూషన్ హాలు సంగతి: 1943 జనవరిలో, చైనా దేశపు యుద్ధ బాధితుల సహాయార్థము, అదే స్త్రీల సమాజమువారు పిలువగా ఆమె వెళ్లి పాడినది. జనులను వేరుచేసి కూర్చుండబెట్టరాదని షరతు పెట్టినది. ఆ సంవత్సరమే తన బాల్యస్నేహితుడు, భవన నిర్మాణ శిల్పి అయిన ఆర్ఫియస్ ఫిషరును వివాహమాడి, కనెక్టికట్ రాష్ట్రములో ఒక పొలములో కాపురము పెట్టినది. పిల్లలు లేరు. అంతకు ముందే, 1941లో ఫిలడెల్ఫియావారు బహుమానముగా ఇచ్చిన పదివేల డాలర్లతో పేద గాయకుల చదువునకు ఒక నిధిని స్థాపించియుండెను. గుడిలో ఐదు సెంట్లు వేసిన ముసలమ్మల అప్పు ఆ విధముగా తీరుచుండెను.

1955 జనవరి 7న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఆపెరా వేదిక మీద పాత్ర ధరించి పాడిన మొదటి నల్లజాతి గాయకురాలు ఆమెయే. అప్పటికి ఆమెకు ఏబదియేడేండ్లు. స్వరము తన యౌవనపు కాంతిని దాటిపోయెను. ఇరువదియేండ్ల ముందు పిలువవలసినవారు ఆలస్యముగా పిలిచినారు. ఆ రాత్రి ఆమె కొంత వణకినదని ఆమెయే ఒప్పుకొన్నది.

1957లో ఆమె మన దేశమునకు వచ్చినది. అమెరికా ప్రభుత్వము తరఫున ఆసియా దేశములలో పండ్రెండు వారములు ప్రయాణము చేసి, ఇరువదినాలుగు కచేరీలు చేసినది. ఢిల్లీలో గాంధీ మహాత్ముని స్మారకస్థలము వద్ద పాడినది. గాంధీజీకి నల్లజాతి వారి భక్తి గీతములు క్రొత్తవి కావు. 1936లో బార్డోలీలో తనను చూడవచ్చిన హోవర్డ్ థర్మన్ అను నల్లజాతి క్రైస్తవ గురువును, ఆయన భార్యను సిలువను గూర్చిన ఒక గీతము పాడుమని ఆయనే కోరినారు. మేరియన్ ప్రయాణము సుఖముగా సాగలేదు. ఆ సెప్టెంబరులోనే అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణములో నల్లజాతి పిల్లలు తొమ్మండుగురిని హైస్కూలులోనికి రానీయక గవర్నరు ఫాబస్ సైన్యమును నిలువబెట్టియుండెను. ఆసియాలో ఆమెను అందరును దానిని గూర్చియే అడిగినారు. ఆ గవర్నరు ఎదుట పాడుదువా అని అడుగగా, పాట వలన అతని మనస్సునకు మేలు కలుగునట్లైతే పాడుదునని జవాబిచ్చినది. మన పాఠకులలో కొందరికి ఈ జవాబు నచ్చును, కొందరికి నచ్చదు. మాకును ఇంకను పూర్తిగా మింగుడుపడలేదు. ఆ ప్రయాణమును చిత్రించి, ఆ డిసెంబరులో అమెరికా టెలివిజనులో చూపినారు.

1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగు తన ప్రసిద్ధ ప్రసంగము చేసిన దినమున ఆమె మరల అవే మెట్లు ఎక్కినది. జాతీయ గీతము పాడవలసినది ఆమెయే గాని, జనసమూహములో చిక్కుకొని సకాలమున వేదికను చేరలేకపోయినది. కెమిల్లా విలియమ్స్ అను గాయకురాలు ఆ గీతము పాడినది. మేరియన్ తరువాత వచ్చి, లోకమంతయు దేవుని చేతులలో ఉన్నదను ఆ సుపరిచితమైన భక్తి గీతమును పాడినది. ఆమె వీడ్కోలు కచేరీలు 1964 అక్టోబరులో కాన్‌స్టిట్యూషన్ హాలులోనే మొదలై, 1965 ఏప్రిల్ 18న న్యూయార్కు కార్నెగీ హాలులో ముగిసినవి. అదియు ఈస్టరు ఆదివారమే.

తరువాతి సంవత్సరములు ఆమె పొలములోనే నెమ్మదిగా గడిపినది. భర్త గతించిన కొన్నేండ్లకు ఆరెగాన్ రాష్ట్రములో పోర్ట్‌లండు పట్టణములోనున్న చెల్లెలి కుమారుడు, వాద్యబృంద నిర్వాహకుడైన జేమ్స్ డిప్రీస్టు ఇంటికి చేరినది. తన పుట్టిన సంవత్సరమును ఆమె కొన్నేండ్లు తగ్గించి చెప్పుకొనేది. మరణానంతరము పుట్టిన నమోదు పత్రము వలన నిజము బయటపడినది. ఇట్టి చిన్న బలహీనత ఉన్నదని తెలిసినప్పుడు ఆమె మాకు మరింత దగ్గరైనది. 1993 ఏప్రిల్ 8న, తొంబదియారేండ్ల వయస్సున ఆమె ప్రభువునందు నిద్రించినది. ఆ దినము పరిశుద్ధ గురువారము. ఫిలడెల్ఫియా చెంత, నల్లజాతి వారి పాత శ్మశానమైన ఈడెన్ సమాధుల తోటలో ఆమెను పాతిపెట్టినారు.